కడలి అడుగున గడ్డి పోతే, గట్టున పొయ్యి ఆరిపోతాది

గడ్డి అనంగానే మనకు యాదికొచ్చేది బర్రెలు, గడ్డివాము, చేను గట్టు. సముద్రం అడుగున కూడా పచ్చిక బయళ్లు ఉండాయనీ, ఆడ కూడా మేసే పశువు ఉండాదనీ చెప్తే నవ్వేవాళ్లే ఎక్కువ. కానీ ఉండాయి. ఎకరాలు కాదు, చదరపు కిలోమీటర్ల లెక్కన ఉండాయి. మన చేలల్లో గడ్డి నీళ్లు లేక ఎండిపోతాది. ఈ గడ్డి నిండా నీళ్లల్లో ఉండి కూడా వేడికి మాడిపోతా ఉండాది.

పగడాలు తెల్లబడిపోతా ఉండాయని, మడ అడవులు నరికేస్తా ఉండారని వార్తల్లో అప్పుడప్పుడన్నా చూస్తాం. సముద్రపు గడ్డి గురించి మాత్రం తెలుగులో మాట్లాడేవాళ్లే తక్కువ. అందుకే ఈ వారం దాని సంగతే తీసుకున్నా. తీరంలో పుట్టిన పిల్లోళ్లు కచ్చితంగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. తీరం చూడని పిల్లోళ్లకూ పనికొస్తాది.

నాచు కాదు, గడ్డే

ముందు ఒక తికమక తీర్చుకుందాం. ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు, పాచి వేరు. ఈ గడ్డి వేరు. నాచుకు నిజమైన వేళ్లుండవు, పూలుండవు, గింజలుండవు. రాయికో గవ్వకో అతుక్కుని బతుకుతాది. సముద్రపు గడ్డి అట్టా కాదు. దానికి వేరుండాది, ఆకుండాది, పువ్వుండాది, గింజుండాది. మన గరిక ఎట్టా నేలలో పాక్కుంటా కణుపు కణుపుకూ వేరేస్తాదో, ఇది కూడా ఇసకలో, బురదలో అట్టాగే పాకతాది. నేల మీద బతికిన మొక్కలే కోట్ల ఏండ్ల కిందట మళ్లీ సముద్రంలోకి దిగి, ఉప్పునీళ్లకు అలవాటు పడినాయి. ప్రపంచం మొత్తం మీద డెబ్బై జాతుల దాకా ఉండాయి, అంతే.

మన దేశంలో ఈ గడ్డి 500 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండాదని శాటిలైట్ బొమ్మలతో లెక్క కట్టినారు. అందులో సింహభాగం తమిళనాడుదే. రామేశ్వరానికి ఉత్తరాన పాక్ బే, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఇవి కాకుండా చిలికా, లక్షద్వీప్, అండమాన్, కచ్ సింధుశాఖల్లో కొంత ఉండాది.

మన ఆంధ్రా తీరంలో అంత పెద్ద మేటలు లేవు. ఎందుకని? ఈ గడ్డికి ఎండ కావాల. నీళ్లు తేటగా ఉండాల, అల నెమ్మదిగా ఉండాల. మన తీరం బంగాళాఖాతానికి ఎదురురొమ్ము పెట్టి నిలబడి ఉండాది. కృష్ణ, గోదావరి తెచ్చే ఒండ్రు నీళ్లను బురద చేస్తాది. పాక్ బేకు శ్రీలంక అడ్డం ఉండాది, లోతు తక్కువ, అల తక్కువ. అందుకే ఆడ గడ్డి పరుచుకుంది. మనకాడ ఉండేది ఎక్కువగా పులికాట్ లాంటి ఉప్పుటేరు సరస్సుల్లో, చిన్నాకుల హాలోఫిలా జాతులు. పులికాట్ సంగతి కాసేపట్లో చెప్తా.

ఆ గడ్డితో మనకేంది పని?

మొదటి సంగతి కూడు. రొయ్య పిల్లలు, ఎండ్రకాయ పిల్లలు, చిన్న చేపలు పెద్ద చేప నోటికి దొరక్కుండా దాక్కునేది ఈ గడ్డిలోనే. ఆడ పెరిగి, పెద్దయి, ఆ తర్వాతే బయటి సముద్రంలోకి పోతాయి. నారుమడి లేకుండా నాటు ఎట్టా వేస్తాం? సముద్రానికి ఇది నారుమడి. పాక్ బేలో చిన్న పడవల వాళ్లు ఎండ్రకాయ వలలు వేసేది ఈ గడ్డి మేటల చుట్టుపక్కలే.

రెండో సంగతి ఒడ్డు. ఆకులు అలను నెమ్మది చేస్తాయి. వేళ్లు ఇసకను పట్టుకుంటాయి. చెరువు కట్ట మీద గరిక ఉంటే కట్ట కోసుకుపోదని మన పెద్దోళ్లకు తెలుసు. ఇదీ అదే పని.

మూడో సంగతి బొగ్గుపులుసు గాలి, అదే కార్బన్ డయాక్సైడ్. ఈ గడ్డి నీళ్లల్లో కరిగిన కార్బన్‌ను లాక్కుని వేళ్ల కింద బురదలో పూడ్చి పెడతాది. ఆ బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అది కుళ్లకుండా వందల ఏండ్లు, ఒక్కోచోట వేల ఏండ్లు అట్టాగే ఉంటాది. సముద్రం అడుగు మొత్తంలో ఈ గడ్డి ఉండేది 0.2 శాతం కంటే తక్కువ. కానీ సముద్రం ఏటా పూడ్చుకునే కార్బన్‌లో పది శాతం దాకా దీని వాటానే అని ఒక అంచనా ఉండాది.

నాలుగో సంగతి ఆ మేసే పశువు. దాని పేరు డుగాంగ్. తమిళంలో కడల్ పసు అంటారు, అంటే సముద్రపు ఆవు. పెద్ద డుగాంగ్ రోజుకు 30-40 కిలోల గడ్డి మేస్తాది. మన దేశంలో అవి ఇప్పుడు వందల్లోనే మిగిలి ఉండాయి. 2022 సెప్టెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లను డుగాంగ్ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో అట్టాంటిది అదే మొదటిది. ఆవును కాపాడతామని చెప్పి బీడును వదిలేస్తే ఆవు బతకదు గదా. ఆ ప్రకటన నిలబడేదీ పడిపోయేదీ గడ్డి మీదే.

వేడి ఎట్టా చంపతాది

మనం తగలబెట్టిన బొగ్గు, పెట్రోలు వల్ల భూమి మీద అదనంగా పోగుపడిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. మనకు నడినెత్తిన ఎండ కొడితే నీడకు పోతాం. వేరున్న మొక్క యాడికి పోతాది?

ఈ గడ్డి బతుకును ఒక కుటుంబం జమాఖర్చు మాదిరి చూడండి. పగలు ఎండలో అది తన కూడు తాను వండుకుంటాది. అది ఆదాయం. పగలూ రేయీ ఊపిరి తీసుకుంటాది, అది ఖర్చు. నీళ్లు వేడెక్కే కొద్దీ ఖర్చు పెరగతానే ఉంటాది. ఆదాయం మాత్రం ఒక హద్దు దాకా పెరిగి, ఆ తర్వాత పడిపోతాది. కొన్నాళ్లు వేర్లలో, కణుపుల్లో దాచుకున్న పిండిపదార్థం తిని బతుకుతాది. దాచింది అయిపోయినాక చచ్చిపోతాది. మన ఇండ్లల్లో ఇంటాయన జబ్బుపడితే జరిగేది ఇదే గదా. మొదట దాచిన డబ్బు, ఆనక తాకట్టు, ఆనక అప్పు.

ఇంకో దెబ్బ కింద నుంచి వస్తాది. బురదలో సల్ఫైడ్ అనే విషం ఉంటాది. కుళ్లిన గుడ్డు వాసనొచ్చేది అదే. మామూలుగా గడ్డి తన ఆకుల్లోంచి వేర్లకు ఆక్సిజన్ పంపి ఆ విషాన్ని దగ్గరికి రానీయదు. నీళ్లు వేడెక్కితే వాటిల్లో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతాది. రాత్రి పూట మరీ తక్కువ. అప్పుడు ఆ విషం వేరులోకి ఎక్కతాది. పైన ఆకు పచ్చగా కనపడతానే ఉంటాది, లోపల మొదలు కుళ్లిపోతా ఉంటాది.

సముద్రంలో కూడా ఇప్పుడు వడగాడ్పులు వస్తా ఉండాయి. రోజుల తరబడి, వారాల తరబడి నీళ్లు మామూలు కంటే బాగా వేడిగా ఉండిపోవడం అన్నమాట. 2020 మే నెలలో మన్నార్ సింధుశాఖలో అట్టాంటిది వొచ్చి, తమిళనాడు తీరం దగ్గర 85 శాతం పగడాలు తెల్లబడినాయి. పగడం తెల్లబడితే ఫోటోకు అందంగా ఉంటాది, అందుకే పేపర్లో పడతాది. దాని పక్కనే గడ్డి చస్తే ఫోటో తీసేవాడుండడు.

వెలుతురు పోతే కూడా చావే

ఈ గడ్డికి నాచు కంటే చానా ఎక్కువ వెలుతురు కావాల. నీళ్ల మీద పడే ఎండలో పదో వంతు అన్నా అడుగుకు చేరకపోతే అది బతకలేదు. వాతావరణ మార్పు ఈ వెలుతురును మూడు రకాలుగా కాజేస్తాది.

ఒకటి, సముద్రమట్టం. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది, ఇప్పుడు ఇంకా వేగంగా పెరగతా ఉండాది. లోతు పెరిగితే గడ్డి ఒడ్డు వైపుకు జరగాల. ఒడ్డున మనం గోడ కట్టేసి, రాళ్లు పోసేసి, చెరువులు తవ్వేసి ఉంటే జరగను చోటేది? వెనక గోడ, ముందు లోతు.

రెండు, కుండపోత వానలు. వాన పడే రోజులు తగ్గి, పడ్డప్పుడు ఒక్కసారిగా కుమ్మరించడం మనం చూస్తానే ఉండాం. ఆ వరద మట్టి, చేలల్లో చల్లిన ఎరువులు అన్నీ సముద్రంలోకే పోతాయి. మట్టి నీళ్లను మసక చేస్తాది. ఎరువు నాచును పెంచి గడ్డి మీద దుప్పటి కప్పతాది.

మూడు, బలమైన తుపాన్లు. అవి గడ్డిని వేర్లతో సహా పెకలిస్తాయి, లేకపోతే ఇసక పోసి పూడ్చేస్తాయి. ఆస్ట్రేలియాలో హెర్వీ బే అనే చోట 1992లో రెండు వరదలు, ఒక తుపాను వెంట వెంటనే వొచ్చి, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా గడ్డి తుడిచిపెట్టుకు పొయ్యింది. ఆనక డుగాంగ్‌లు మేత లేక మాడి చచ్చినాయి, బతికినవి వలస పొయ్యినాయి. కరువొచ్చిన ఊరు ఎట్టా ఖాళీ అవుతాదో అట్టా.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాల. నీళ్లల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే గవ్వలకు, పగడాలకు చేటు గానీ, ఈ గడ్డికి కొంత లాభం కూడా ఉండాది. దాని కూడు దానికి కాస్త సులువుగా దొరకతాది. కానీ బువ్వ పెట్టి ఇంటికి నిప్పు పెడితే ఏం లాభం? వేడి, మసక తెచ్చే నష్టం ముందర ఆ లాభం నిలబడదు.

షార్క్ బే చెప్పిన పాఠం

పడమటి ఆస్ట్రేలియాలో షార్క్ బే అని ఉండాది. ప్రపంచంలోని పెద్ద గడ్డి మేటల్లో అదొకటి. ఆడ 180 కిలోమీటర్ల దూరం పరుచుకున్న గడ్డి అంతా ఒకే మొక్క అని 2022లో తేల్చినారు. ఒకే వేరు నుంచి పాక్కుంటా పాక్కుంటా అంత దూరం పొయ్యింది. వయసు 4,500 ఏండ్ల దాకా ఉంటాదని అంచనా.

2010-11 ఎండాకాలంలో ఆ తీరానికి సముద్రపు వడగాడ్పు వొచ్చింది. నీళ్లు మామూలు కంటే 2 నుంచి 4 డిగ్రీలు వేడెక్కినాయి. ఆ ఒక్క దెబ్బకు షార్క్ బే గడ్డిలో మూడో వంతుకు పైగా దెబ్బతింది. వేర్లు పోయేసరికి కింద దాచిన కార్బన్ బయటికొచ్చింది. తర్వాత మూడేండ్లలో 20 నుంచి 90 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిందని శాస్త్రవేత్తలు లెక్క కట్టినారు. అంటే మన తరఫున కార్బన్ దాచే బ్యాంకు దివాలా తీసి, మన మీదే అప్పు మోపింది. వేడి గడ్డిని చంపింది, చచ్చిన గడ్డి వేడిని పెంచే గాలిని వదిలింది.

అదే వేడికి ఆడ ఎండ్రకాయలు, స్కాలప్ గవ్వలు కూడా పడిపొయ్యినాయి. 2012లో రెండు వేటలూ ఆపేయాల్సి వొచ్చింది. డబ్బున్న దేశం కాబట్టి వేట ఆపి కూర్చోగలిగినారు. మన తీరంలో ఒక ఏడాది వేట ఆగితే ఏం జరగతాదో నేను చెప్పక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధానికే పాలేలల్లో వడ్డీ వ్యాపారి గడప అరగతాది.

వాతావరణం పేరు చెప్పి తప్పించుకోవద్దు

ఇప్పుడు నాకు కోపం తెప్పించే సంగతికొస్తా. ఏం అడిగినా "వాతావరణ మార్పండీ, మనం ఏం చేస్తాం" అనే జవాబు ఈమధ్య అధికారులకు, కంపెనీలకు బాగా అలవాటైంది. వాతావరణ మార్పు నిజం, అందులో అనుమానం లేదు. కానీ ఆరోగ్యంగా ఉండే మనిషి జొరానికి తట్టుకుంటాడు, ముందే తిండి లేక చిక్కిపోయినోడు అదే జొరానికి పోతాడు. గడ్డి కూడా అంతే. దాన్ని ముందే చిక్కిపోయేటట్టు చేసిందెవరు?

అడుగు నుంచి ఈడ్చే ట్రాలు వలలు గడ్డిని నాగలి వేసి దున్నినట్టు దున్నేస్తాయి. పాక్ బేలో ఇది దశాబ్దాల గొడవ. పెద్ద మరబోట్లు ఒక పక్క, చిన్న పడవల వాళ్లు ఇంకో పక్క, శ్రీలంక వైపు తమిళ మత్స్యకారులు మూడో పక్క. అందరూ పేదోళ్లే అనుకోవద్దు. కూలికి పోయే పేదోడు బోటు మీద ఉంటాడు, బోటు ఓనరు ఒడ్డున ఉంటాడు. మన నెల్లూరు తీరంలో కూడా పెద్ద బోట్లొచ్చి ఒడ్డు దగ్గర ఈడ్చుకుపోవడం, చిన్న పడవల వాళ్లు అడ్డం తిరగడం మీరు చూసిందే.

ఇంకొకటి మురికి. ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీళ్లు. ట్రాలింగ్ ఆపడానికి, మురుగు ఆపడానికి ఐక్యరాజ్యసమితి సభ జరగక్కర్లేదు. కలెక్టరాఫీసులో అయ్యే పని.

తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి అన్నది కూడా అడగాల. నాటు పడవ మీద వేటకు పోయే మనిషి గాలిలోకి వదిలిన పొగ ఎంత? గడ్డిని కాపాడతామని చెప్పి ముందు ఆ మనిషినే తీరం నుంచి తరిమేస్తే అది న్యాయం కాదు. రేపు సముద్రపు గడ్డి కార్బన్ లెక్కలు కట్టి అమ్ముకునే వ్యాపారం మన తీరాలకు రావొచ్చు. అప్పుడు ఆ డబ్బు ఎవరికి, హక్కు ఎవరికి అని ముందే గట్టిగా అడిగి పెట్టుకోవాల.

మన పులికాట్

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం మన ఆంధ్రాలోనే ఉండాది. శ్రీహరికోట దీవి దాన్ని సముద్రం నుంచి వేరు చేస్తాది. సూళ్లూరుపేట పక్కన రాజహంసలు చూడను జనం బస్సులేసుకుని వస్తారు. ఆ నీళ్ల కింద గడ్డి ఉండాదని వాళ్లల్లో ఎంతమందికి తెలుసు?

ఈ సరస్సు ప్రాణం ముఖద్వారాల్లో ఉండాది. సముద్రం నీళ్లు లోపలికి, నది నీళ్లు బయటికి ఆడాల. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసకతో పూడిపోతే, ఎండాకాలంలో నీళ్లు తగ్గి, సముద్రం కంటే ఉప్పెక్కి, ఉత్తరాన చానా భాగం బీటలు వారతాది. వేడి పెరిగే కొద్దీ ఆవిరి పెరగతాది, ఉప్పూ పెరగతాది. ఉప్పునీటి గడ్డికి కూడా ఉప్పు ఎక్కువైతే బతుకు లేదు. చిలికాలో 2000 సంవత్సరంలో కొత్త ముఖద్వారం తెరిచినాక ఆడ గడ్డి మేటలు బాగా పెరిగినాయి. ఆ అనుభవం మన కళ్లముందరే ఉండాది.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల కేసులో తీర్పిస్తా, చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు పెట్టకూడదని పేరు పెట్టి చెప్పింది. 2005లో పార్లమెంటు ఆక్వా కోసం వేరే చట్టం తెచ్చి కథ మార్చింది. తీర్పుకూ చట్టానికీ మధ్యలో సరస్సు నలిగిపొయ్యింది.

మళ్లీ మొలిపించొచ్చు, కానీ

అమెరికాలో వర్జీనియా తీరాన 1930ల్లో తెగులు, ఆ మీద తుపాను వొచ్చి గడ్డి పూర్తిగా పొయ్యింది. డెబ్బై ఏండ్లు బీడుగా ఉండిపొయ్యింది. 1999 తర్వాత శాస్త్రవేత్తలు, ఊరోళ్లు కలిసి 20 ఏండ్లలో 7 కోట్లకు పైగా గింజలు చల్లినారు. ఇప్పుడు ఆడ దాదాపు 9 వేల ఎకరాల గడ్డి ఉండాది. మన పాక్ బేలో కూడా వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్లు కట్టి, గడ్డి పిలకలు నాటి మొలిపిస్తా ఉండారు. మన నాటు మాదిరే, కాకపోతే నీళ్ల కింద.

ఇది సంతోషమే. కానీ నాటిన గడ్డికి కూడా వేడి తప్పదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం ఎప్పుడూ చవక, పోయినాక మొలిపించడం ఖరీదు. బొగ్గు తగ్గించడం, ట్రాలు ఆపడం, మురుగు ఆపడం లేకుండా మొక్కలు నాటి ఫోటో దిగితే అది వనమహోత్సవం బోర్డు మాదిరే మిగిలిపోతాది.

మీ చేతిలో ఉండేది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోన్ ఉండాది. దాంతో చెయ్యగలిగినవి మూడు చెప్తా.

ఒకటి, వలలో, ఒడ్డున, సరస్సు లోతు తక్కువ ఉన్నకాడ సన్నాకుల గడ్డి కనపడితే, వేరు ఉండాదా చూడండి. ఉంటే తేదీ, చోటు తెలిసేటట్టు ఫోటో తీసి దగ్గర్లోని కాలేజీ జువాలజీ, బాటనీ సార్లకు పంపండి. పీకొద్దు. ముసలోళ్లను కూర్చోబెట్టి ముందు యాడ గడ్డి ఉండేది, ఎప్పుడు పొయ్యింది అని రాసుకోండి. వాళ్లు పోతే ఆ లెక్క కూడా పోతాది.

రెండు, 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో సముద్రపు గడ్డి మేటలను సీఆర్‌జెడ్-1ఏలో పెట్టినారు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే తరగతి. కానీ మ్యాపులో గుర్తిస్తేనే ఆ రక్షణ. మీ మండలం తీర మ్యాపులో గడ్డి, మడ, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు చూపించినారా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక అర్జీ, పది రూపాయలు.

మూడు, తీరంలో ఏ ప్రాజెక్టుకైనా ప్రజాభిప్రాయ సేకరణ పెడితే టెంటు కింద ఊరికే కూర్చుని రాకండి. "నీళ్ల అడుగున ఏముండాదో సర్వే చేసినారా, ఏ నెలలో చేసినారు, నివేదిక తెలుగులో యాడ ఉండాది" అని మైకులో అడగండి. మినిట్స్‌లో రాయించండి. రాసేదాకా కదలొద్దు.

మార్చి 1ని ఐక్యరాజ్యసమితి ప్రపంచ సముద్రపు గడ్డి దినోత్సవంగా ప్రకటించింది. వచ్చే మార్చి 1కి మీ ఊరి మ్యాపు మీ చేతిలో ఉండేటట్టు ఇప్పుడే అర్జీ పెట్టండి. జవాబు ఏమొచ్చిందో, రాకపోతే ఎందుకు రాలేదో నాకు రాయండి. ఆ పేర్లు, ఆ తేదీలు ఇదే పేజీలో వేద్దాం.